సుగర్ ఎవరి వైపు నుంచి వచ్చింది?

'మా వైపు ఎవరికీ లేదండీ.' ఎనిమిదేళ్ల పిల్లకో, పదకొండేళ్ల పిల్లాడికో టైప్-1 సుగర్ అని డాక్టర్ చెప్పిన తెలుగింట్లో ముందుగా వినిపించే మాట ఇదే. ఆ వెంటనే ఇండియాకు ఫోన్. అటు మేనత్తలు, ఇటు మేనమామలు, ఎప్పుడో పోయిన తాతలు, ముత్తాతలు అందరి లెక్కా తీస్తారు. ఎవరో ఒక పెద్దాయనకు అరవయ్యో ఏట సుగర్ వచ్చే ఉంటుంది. ఇంకేం, దొంగ దొరికాడు! 'మీ వైపు నుంచే వచ్చింది' అని తేల్చేస్తారు. ఆ ఒక్క మాట ఆలుమగల మధ్య ఎన్నేళ్లు ములుకులా గుచ్చుకుంటూ ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలియాలి. తల్లికైతే ఇది చాలక, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, పాలు ఎన్నాళ్లిచ్చావు, పిల్లకు ఎన్ని చాక్లెట్లు కొనిపెట్టావు అనే విచారణ కూడా తప్పదు.

డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. వ్యాలీ రాంచ్, లాస్ కొలినాస్ అపార్ట్‌మెంట్లలో ఒకప్పుడు నలుగురు బ్రహ్మచారులు కలిసి ఉన్న ఇళ్లలోనే ఈనాడు బడికి వెళ్లే పిల్లలున్నారు. పిల్లల డాక్టర్ దగ్గర ఇచ్చే ఫారంలో 'కుటుంబంలో ఎవరికైనా డయాబెటిస్ ఉందా' అన్న గడి కనబడగానే మనవాళ్లు ఆలోచించకుండా టిక్కు పెట్టేస్తారు. నాన్నకుంది, అమ్మమ్మకుంది, బాబాయికుంది. మన ఇళ్లలో సుగర్ లేని పెద్దవాళ్లెక్కడ? అయితే ఆ గడిలో ఒకే పేరు కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. ఎవరి వైపు అన్న పంచాయతీ అర్థం లేనిదని చెప్పడమే ఈ సంపాదకీయం ఉద్దేశం. అర్థం లేకపోవడమే కాదు, ఒక్కోసారి అది ప్రాణం మీదికీ తెస్తుంది.

పెద్దవాళ్లకు వచ్చేది టైప్-2. అందులో ఇన్సులిన్ ఉంటుంది గానీ ఒంటికి సరిగా పనిచేయదు, పోనుపోను సరిపోదు. తిండి, బరువు, నడక, వంశం అన్నీ అందులో కలిసి ఉంటాయి. టైప్-1 అలాంటిది కాదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలుంటాయి. వైరస్‌ల మీదా సూక్ష్మజీవుల మీదా యుద్ధం చేయాల్సిన మన రక్షణ వ్యవస్థే వాటిని పరాయివి అనుకుని దాడి చేస్తుంది. కంచే చేను మేసినట్టన్నమాట. ఆ మేత నెలల తరబడి, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా సాగుతుంది. చేను చాలావరకు పోయాక గానీ సుగర్ పెరగదు. తీపి తిన్నందుకు ఇది రాదు, తినకపోతే ఆగదు. ఇన్సులిన్ ఇంజక్షన్ ఒక్కటే దారి. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లే కాదు.

మరి కంచె ఎందుకు మేస్తుంది? ఇక్కడికి వచ్చేసరికి జన్యువుల సంగతి చెప్పుకోవాలి. ఆరో క్రోమోజోము మీద హెచ్.ఎల్.ఎ. అనే జన్యువుల గుంపు ఒకటుంది. ఒంట్లో దొరికిన ప్రొటీన్ ముక్కలను రక్షణ కణాల ముందు పెట్టి 'ఇది మనదా, పరాయిదా చూడు' అని చూపించే పళ్లేల్లాంటి వాటిని ఈ జన్యువులు తయారుచేస్తాయి. ఆ పళ్లెం ఆకారం మనిషి మనిషికీ మారుతుంది. కొన్ని ఆకారాల్లో ఇన్సులిన్ ముక్కలు ఇమిడే తీరు వేరుగా ఉండి కాపలా కణాలు పొరబడే అవకాశం పెరుగుతుంది. హెచ్.ఎల్.ఎ.కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1974లోనే బయటపడింది. డి.ఆర్.3, డి.ఆర్.4 అని పిలిచే రెండు రకాలు ముఖ్యమైనవి. జన్యువుల వల్ల వచ్చే ముప్పులో దాదాపు సగం ఈ ఒక్క గుంపు నుంచే. మిగతాది అక్కడా ఇక్కడా చెదిరి ఉంది. ఇన్సులిన్ జన్యువు దగ్గరే ఒకటి, తెల్లరక్తకణాల దూకుడును అదుపు చేసేవి కొన్ని, ఇలా ఇప్పటిదాకా అరవైకి పైగా చోట్లను గుర్తించారు. ఒక్కొక్కటీ ఇచ్చే ముప్పు ఆవగింజంత. అన్నట్టు, జబ్బు రాకుండా అడ్డుకునే హెచ్.ఎల్.ఎ. రకాలు కూడా ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

ప్రతి బిడ్డా ఈ గుంపులో ఒక భాగం తల్లి నుంచి, ఒక భాగం తండ్రి నుంచి తెచ్చుకుంటుంది. డి.ఆర్.3 ఒకరి నుంచి, డి.ఆర్.4 ఇంకొకరి నుంచి కలిసిన పిల్లల్లోనే ముప్పు అందరికంటే ఎక్కువ. అంటే ఆ తల్లీ తండ్రీ ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి, ఇద్దరి వంశాల్లో ఎవరికీ ఈ జబ్బు లేకుండానే బిడ్డకు రావచ్చు. అమెరికాలో టైప్-1 వచ్చిన వాళ్లలో నూటికి 85 మందికి పైగా కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఆ జబ్బు లేదు. 'మా వైపు లేదు' అని ఇద్దరూ చెప్పేది నిజమే. 'మీ వైపు నుంచే' అనేది మాత్రం ఇద్దరిలో ఎవరన్నా తప్పే.

జన్యువు ఉంటే జబ్బు వచ్చేసినట్టు కూడా కాదు. డి.ఆర్.3, డి.ఆర్.4 రెండూ ఉన్న పిల్లలను అమెరికాలో ఏళ్ల తరబడి గమనిస్తే సుమారు ఇరవై మందిలో ఒకరికే టైప్-1 వచ్చింది. మిగతా పందొమ్మిది మందీ ఆడుతూ పాడుతూ ఉన్నారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల సంగతి చూడండి. ఇద్దరి జన్యువులూ ఒకటే. ఒకరికి టైప్-1 వచ్చాక రెండో వారికి కూడా చాలా ఏళ్లపాటు సగం కేసుల్లోనైనా రాదు. 2008లో వెలువడిన ఒక దీర్ఘకాల అధ్యయనంలో అరవయ్యో ఏటికి ఆ లెక్క 65 శాతానికి చేరింది. జన్యువులే రాత రాస్తే అది నూటికి నూరు కావాలి కదా! జన్యువుకు తోడు బయటిదేదో కలవాలి. వైరస్‌లా, పసితనపు తిండా, పేగుల్లోని సూక్ష్మజీవులా అన్నది ఇంకా తేలలేదు.

ఆ 'బయటిది' వలస వచ్చిన మనకు పట్టని విషయమేమీ కాదు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో భారత ఉపఖండం నుంచి వెళ్లిన కుటుంబాల పిల్లలను పరిశీలించి 1992లో ఒక వ్యాసం ప్రచురించారు. 1978-81 మధ్య ఆ పిల్లల్లో ఏటా లక్షకు 3.1 మందికి టైప్-1 వచ్చేది. 1988-90 నాటికి అది 11.7కు పెరిగింది. అంటే అక్కడి తెల్లవారి పిల్లల లెక్కకు దగ్గరగా వచ్చేసింది. పదేళ్లలో జన్యువులు మారవు. నేల మారింది, గాలి మారింది, బతుకు తీరు మారింది. టైప్-1 తెల్లవాళ్ల జబ్బు, ఫిన్లాండ్ జబ్బు, మన పిల్లలకు రాదు అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఫిన్లాండ్ మొదటి స్థానంలో ఉన్న మాట వాస్తవమే. ఆ జాబితా పై వరసలోనే కువైట్ కూడా ఉందని గల్ఫ్‌లో ఉన్న మన పాఠకులు గమనించాలి.

మన జన్యువుల గురించి మన దగ్గర తెలిసింది తక్కువ. అసలు బాధ ఇక్కడుంది. ఏయే పిల్లలకు టైప్-1 వస్తుందో, ఎందుకు వస్తుందో చూడటానికి 2004లో మొదలైన టెడ్డీ అనే పెద్ద అధ్యయనంలో 4,24,000 మందికి పైగా పసిపిల్లలకు జన్యు పరీక్ష చేశారు. అందులో ఎనిమిది వేల పైచిలుకు మందిని ఏళ్ల తరబడి వెంబడించారు. అమెరికా, ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీల్లోనే అదంతా జరిగింది. ఆసియా దేశం ఒక్కటీ లేదు. యూరప్ వాళ్లలో ముఖ్యమైన జన్యు మార్పుల్లో ఒకటి మనవాళ్లలో చాలా అరుదు. వాళ్లలో డి.ఆర్.3, డి.ఆర్.4 రెండూ జోరుగా ఉంటే మన దేశంలో ప్రధానంగా కనిపించేది డి.ఆర్.3.

ఈ విషయంలో హైదరాబాద్ చేసిన పని చెప్పుకోదగ్గది. హబ్సిగూడలోని సీసీఎంబీలో డాక్టర్ జి.ఆర్. చాందక్, పుణె కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఒక అధ్యయనం చేసి 2020లో ప్రచురించారు. పుణెలో చికిత్స తీసుకుంటున్న వాళ్ల రక్తాన్ని పరీక్షించి, టైప్-1కు సంబంధించిన జన్యు మార్పులన్నిటికీ కలిపి ఒక మార్కు వేశారు. యూరప్ వాళ్ల కోసం తయారైన ఆ మార్కు మన వాళ్లలో కూడా టైప్-1నూ టైప్-2నూ వేరు చేయగలిగింది. అయితే కొన్ని తేడాలు కనబడ్డాయి. మన జనం లెక్కలతో దాన్ని సవరించుకుంటే ఇంకా బాగా పనిచేస్తుందని పరిశోధకులు తేల్చారు. ఎంత డబ్బున్న దేశంలో ఉన్నా, మన జన్యువుల మీద పరిశోధన మన రక్తం లేకుండా జరగదు. అందుకే టెక్సాస్‌లో గానీ మరో చోట గానీ ఇలాంటి అధ్యయనంలో చేరమని ఆసుపత్రి వాళ్లు అడిగితే 'మనకెందుకొచ్చిన గొడవ' అని తప్పుకోకుండా, కాగితాలు చదువుకుని ఆలోచించమని మేం కోరుతున్నాం.

టైప్-1నూ టైప్-2నూ వేరు చేయడం అంత ముఖ్యమా అని అడగవచ్చు. ముఖ్యమే. టైప్-1 పిల్లల జబ్బు అన్న పేరు పడిపోయింది. బ్రిటన్‌లో లక్షల మంది వివరాలతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అరవై ఏళ్లలోపు వచ్చే ఇలాంటి టైప్-1లో 42 శాతం ముప్పయ్యో ఏడు దాటాకే వస్తోంది. ఆ అధ్యయనం తేల్చింది కూడా జన్యువుల మార్కు చూసే. ఇప్పుడు మన కుర్రాళ్లను తలుచుకోండి. ముప్పై రెండేళ్ల వాడు, సన్నగా ఉంటాడు, ఉన్నట్టుండి సుగర్ 300. డాక్టర్ రంగు చూసి, వాళ్ల నాన్నకు సుగర్ ఉందని విని, టైప్-2 అని మాత్రలు రాస్తాడు. మాత్రలు పనిచేయవు. 'డైట్ సరిగా చేయడం లేదు, అన్నం మానేయ్' అని ఇంట్లో పోరు. అన్నం మానేస్తాడు, ఇంకా చిక్కిపోతాడు. ఇది ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాడికీ జరగొచ్చు, దోహాలో షట్టరింగ్ పనిచేసే వాడికీ జరగొచ్చు. మాత్రలు వేసుకుంటున్నా సుగర్ దిగక బరువు తగ్గిపోతుంటే, గాడ్ యాంటీబాడీ, సి-పెప్టైడ్ అనే రెండు రక్త పరీక్షలు చేయమని మనమే అడగాలి. ఒకటి దాడి జరుగుతోందా అని చెబుతుంది. రెండోది ఒంట్లో ఇంకా ఎంత ఇన్సులిన్ తయారవుతోందో చెబుతుంది. ఇంత చిన్న పని చేయక ఇన్సులిన్ ఆలస్యమైతే రక్తం ఆమ్లంగా మారి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. దాన్నే కీటో ఎసిడోసిస్ అంటారు. ఆపకుండా వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోట్లోంచి మగ్గిన పండు వాసన వస్తుంటే డ్యూటీ అయ్యేదాకా ఆగకూడదు. ఎక్కడున్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

ఆరు నెలలలోపు పసికందుకు సుగర్ వస్తే మాత్రం అది సాధారణంగా టైప్-1 కాదు. ఏదో ఒక్క జన్యువులో వచ్చిన లోపం. అక్కడ జన్యు పరీక్ష తప్పనిసరి. వీరిలో ఒక రకం వాళ్లు 49 మందికి ఇన్సులిన్ బదులు మాత్రలు ఇచ్చి చూస్తే 44 మందికి ఇంజక్షన్ అవసరమే లేకుండా పోయిందని 2006లో తేలింది. ఇలాంటి పసివాళ్లకు పరీక్ష చేసే పని చెన్నైలో డాక్టర్ వి. మోహన్ గారి పరిశోధన సంస్థలో కూడా సాగింది.

ఇంట్లో ఒకరికి టైప్-1 ఉంటే మిగతా పిల్లల సంగతేమిటి? అన్నకో అక్కకో ఉంటే తోబుట్టువుకు వచ్చే అవకాశం అమెరికా లెక్కల ప్రకారం సుమారు ఇరవైలో ఒకటి. అంటే మామూలు పిల్లల కంటే పదిహేను రెట్లు ఎక్కువ, అయినా రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. ఇలాంటి ఇళ్లలో జన్యు పరీక్ష కంటే యాంటీబాడీ పరీక్ష మేలు. జన్యువు పుట్టినప్పుడు ఎలా ఉందో చచ్చేదాకా అలాగే ఉంటుంది, అది చెప్పేది అవకాశాన్నే. కంచె మేయడం మొదలైందా లేదా అన్నది యాంటీబాడీ చెబుతుంది. నాలుగు ముఖ్యమైన యాంటీబాడీల్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ కనబడిన పిల్లల్లో పదేళ్లలో సుమారు 70 శాతం మందికి జబ్బు బయటపడింది. ముందే తెలిసిన ఇంట్లో పిల్లలు స్పృహ తప్పిన స్థితిలో ఆసుపత్రికి చేరడం బాగా తగ్గుతుంది. ఇంకో మాట. ఇలా దాడి మొదలై, సుగర్ కాస్త అటూ ఇటూ అవుతున్న దశలో ఇచ్చే టెప్లిజుమాబ్ అనే మందుకు అమెరికా ప్రభుత్వం 2022 నవంబరులో, 8 ఏళ్లు, ఆపైబడిన వారికి అనుమతి ఇచ్చింది. పద్నాలుగు రోజులు వరసగా నరంలోకి ఎక్కించాలి. 76 మందితో చేసిన ప్రయోగంలో జబ్బును సుమారు రెండేళ్లు వెనక్కి నెట్టింది. రెండేళ్లేనా అనకండి. మూడో తరగతి పిల్ల ఇంజక్షన్ లేకుండా అయిదో తరగతికి వెళ్లడం చిన్న సంగతేం కాదు. కాకపోతే మార్కెట్‌లోకి వచ్చినప్పుడు మొత్తం కోర్సు ధర దాదాపు 1,94,000 డాలర్లు. ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి, జన్యు వివరాలు బయటపడితే ఉద్యోగం పోతుందేమో, వీసాకు ఇబ్బందేమో అన్న భయం మనవాళ్లలో ఉంది. అమెరికాలో 2008 నాటి 'జినా' చట్టం ప్రకారం జన్యు పరీక్ష ఫలితం గానీ కుటుంబ చరిత్ర గానీ చూసి ఉద్యోగం తీసేయకూడదు, హెల్త్ ఇన్సూరెన్స్ నిరాకరించకూడదు. అయితే పదిహేను మంది లోపు సిబ్బంది ఉన్న కంపెనీలకు అందులోని ఉద్యోగ నిబంధన వర్తించదు. చిన్న కన్సల్టెన్సీల్లో ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. లైఫ్ ఇన్సూరెన్స్‌కు అసలే వర్తించదు. టర్మ్ పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే పరీక్షకు ముందే ఆ పని చూసుకోవడం తెలివైన పని. ఇక ఉమ్మి పంపితే జాతకం చెబుతామనే కిట్లున్నాయి. వాటిలో బాగా పేరున్న ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ నుంచి 2023లో 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పండగ డిస్కౌంట్ వచ్చింది కదా అని పిల్లల ఉమ్మి పోస్టులో పంపేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

అన్నిటికంటే చేదైన విషయం పెళ్లిళ్లది. టైప్-1 ఉన్న అబ్బాయికి మంచి ఉద్యోగం ఉంటే సంబంధం ఎలాగో కుదురుతుంది. అమ్మాయి విషయానికొచ్చేసరికి 'పుట్టబోయే పిల్లలకూ వస్తుందట' అని మొహం చాటేస్తారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఇచ్చే లెక్క చూడండి. తండ్రికి టైప్-1 ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం 17లో ఒకటి. తల్లికి ఉండి, పాతికేళ్లలోపు కంటే 25లో ఒకటి. పాతికేళ్లు దాటాక కంటే 100లో ఒకటి. అంటే మన పెళ్లిచూపుల తీర్పు సైన్సుకు సరిగ్గా తలకిందులుగా ఉంది! ఇలా ఎందుకో శాస్త్రవేత్తలు ఇంకా పూర్తిగా తేల్చలేదు గానీ, తల్లి కంటే తండ్రి నుంచే ముప్పు ఎక్కువన్నది మాత్రం పలు దేశాల్లో రుజువైంది. పిల్లల కోసమే అయితే అమ్మాయిని కాదనడానికి కారణమే లేదు. ఉన్న కారణం వేరు, అది అందరికీ తెలుసు. ఈ భయంతోనే కొందరు తల్లిదండ్రులు జబ్బు దాచి పెళ్లి చేస్తున్నారు. అత్తింట్లో బాత్రూంలో తలుపేసుకుని ఇంజక్షన్ చేసుకోవాల్సిన పిల్ల ఒక పూట మానేస్తుంది, రెండు పూటలు మానేస్తుంది. టైప్-1లో ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ పూర్తిగా ఆగితే ప్రాణాపాయం. దాచి చేసే పెళ్లిని మేం ఏ విధంగానూ సమర్థించలేం. దాచే పరిస్థితి తెచ్చిన వాళ్ల బాధ్యత కూడా తక్కువేం కాదు.

నాటు మందుల వాళ్ల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొద్ది వారాలకు, మిగిలిన బీటా కణాలు కాస్త తేరుకుని డోసు తగ్గిపోతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ అంటారు. కొన్ని నెలలు, అరుదుగా ఏడాదికి పైగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే ఊరి నుంచి పొడి పొట్లం వస్తుంది. సుగర్ తగ్గింది, పొడి పనిచేసింది, ఇక ఇంజక్షన్ ఎందుకు? ఆ తర్వాత జరిగేది పిల్లల వార్డుల్లో డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. పొడి తింటే తినండి, ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట ఆపకండి.

ఇర్వింగ్, డాలస్ ప్రాంతంలో మన సంఘాలు హెల్త్ క్యాంపులు పెట్టినప్పుడు పెద్దవాళ్లకు బీపీ, సుగర్ చూడటం మంచి పనే. దాంతోపాటు ఒక పని చేయమని మేం అడుగుతున్నాం. అమ్మానాన్నలు ఆఫీసులకు వెళితే ఇంట్లో పిల్లలను చూసుకునేది ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు. తెగ దాహమంటున్నాడని, పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ తడుపుతున్నాడని, తింటున్నా చిక్కిపోతున్నాడని ముందుగా గమనించేది వాళ్లే. 'ఎండలు కదా, ఎదిగే వయసు కదా' అని సరిపెట్టుకునేదీ వాళ్లే. ఈ మూడు లక్షణాలూ, వీటిలో ఏది కనబడినా అదే రోజు వేలి నుంచి చుక్క రక్తం తీసి సుగర్ చూడాలన్న మాటా పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి గుళ్లలో, ఇండియన్ గ్రాసరీ కౌంటర్ల దగ్గర ఉంచితే ఖర్చు ఎంత? చాలామంది పెద్దవాళ్ల పెట్టెల్లో గ్లూకోమీటర్ ఎలాగూ ఉంటుంది. తమ కోసం తెచ్చుకున్నదే. కొత్త సూదితో మనవడి వేలికి ఒక్కసారి పెడితే చాలు.